అడయారులో ఒక అమెరికా బౌద్ధుడు

అమరావతి, నాగార్జునకొండలున్న నేల నుంచి వచ్చిన మనకు బౌద్ధం పరాయిది కాదు. చెన్నైలోనూ ఆ జాడ ఉంది. చూడాలంటే, ప్రవేశ వేళలు కనుక్కుని అడయారు దివ్యజ్ఞాన సమాజం తోటకు వెళ్ళండి. చెట్ల నడుమ చిన్న బౌద్ధ మందిరం కనిపిస్తుంది. కర్నల్ హెన్రీ స్టీల్ ఆల్కాట్ 1882 చివరి నుంచి కన్నుమూసేదాకా నివాసముంచుకున్న తోట ఇదే.

1832లో న్యూజెర్సీలో పుట్టిన ఈ న్యాయవాది, 1880 మే 25న సింహళంలోని గాలే పట్నంలో పంచశీలం స్వీకరించారు. కాషాయం మాత్రం కట్టలేదు. మరి ఏం చేశారంటారా? మరుసటి ఏడాదే బౌద్ధాన్ని ప్రశ్నోత్తరాలుగా పుస్తకం రాశారు. 1886లో అడయారు గ్రంథాలయం స్థాపించారు. అంటరానివారని అందరూ దూరంగా ఉంచిన పంచముల పిల్లలకు 1894లో ఉచితంగా బడి పెట్టారు. 1898లో పండిత అయోతిదాసు బౌద్ధం కోరి వస్తే, సింహళ భిక్షువుల దగ్గరికి దారి చూపారు.

1907 ఫిబ్రవరి 17న ఆయన ఇక్కడే కన్నుమూశారు. బడి మాత్రం ఆయన పేరుతో బెసెంట్ నగర్‌లో నడుస్తూనే ఉంది. తోట చూశాక పిల్లలను అటూ తీసుకెళ్ళండి. సన్యాసం పుచ్చుకోకుండానే ధర్మం ఆచరించవచ్చునని చెప్పడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.