సమాధిలో దొరికిన గౌను

ఫ్లారెన్స్‌ ఉఫీజీ గ్యాలరీలో ఒక తల్లీకొడుకుల పటం ఉంది. 1545 ప్రాంతంలో బ్రాంజినో గీశాడు. తల్లి డచెస్‌ ఎలియొనోరా. కొడుకు జియోవాన్నీ అంటారు. 1562 చివర్లో మలేరియా అతణ్నీ, తమ్ముడు గార్జియానీ, తల్లినీ నెల తిరక్కుండానే పొట్టన పెట్టుకుంది. పటంలోని జరీ గౌనుతోనే ఆమెను సమాధి చేశారని ఎంతో కాలం అనుకున్నారు. కానీ సమాధిలో ఉన్నది వేరే గౌను! శాటిన్‌ బట్ట, జరీ కుట్టిన మఖ్మల్‌ పట్టీలు. ఆ చీలికలను నిపుణులు ఓపికగా అతికారు. ఇప్పుడవి పిట్టీ ప్యాలెస్‌ సొత్తు. కొలతలు తీసిన జానెట్‌ ఆర్నాల్డ్‌ 1985లో పుస్తకం వేశారు. ఇలాంటి గౌను చేత్తో కుట్టేవాళ్లకు ఇప్పటికీ అదే ఆధారం. పైభాగానికి బొత్తాలుండవు, కన్నాల్లోంచి తాడు దూర్చి బిగించాలి. ఒళ్లొచ్చినా చిక్కినా మన లంగా బొందులా సర్దుకుంటుంది. తాడుండేది వెనకవైపు కాబట్టి, కట్టడానికి మాత్రం మరో మనిషి కావాలి.