సంగమేశ్వర తీరమున జాలరి కాపురములు

గత చైత్రమున బంధువులయింట వివాహమునకై మేము కర్నూలు పోయితిమి. పెండ్లి సందడి ముగియగానే మా యత్తగారు సంగమేశ్వరుని దర్శింపక కదలనని పట్టుబట్టిరి. ఈ స్వామి దర్శనము మనకు తీరికయైనప్పుడు చేయునది కాదు; కృష్ణమ్మ తోవ యిచ్చినప్పుడు చేయవలసినది. శ్రీశైల జలాశయము నిండినచో గుడి నీట మునుగును. వేసవిలో నీరు దిగినప్పుడే కొన్నిమాసములు బయటపడును. కృష్ణయు, తుంగభద్రయు, భవనాశియు మొదలుగా సప్తనదులు కలియు చోటని ప్రతీతి. నదులలో భవనాశి యొక్కటే మగపేరుదని మా యత్తగారు త్రోవ పొడవునను చెప్పుచునే యుండిరి.

ముందటిదినమున కర్నూలునకు పడమటనున్న సుంకేసుల చూచితిమి. తుంగభద్రకు అడ్డముగా ఆనకట్ట కట్టి కర్నూలు–కడప కాలువ త్రవ్వినది పందొమ్మిదవ శతాబ్దమున ఒక ఇంగ్లీషు కంపెనీ. నష్టము వచ్చుటచే 1882లో ప్రభుత్వమువారు దానిని కొనిరి. పైరులకే కాక పడవలకును ఆ కాలువ ఉపయోగింపవలెనని తొలుత తలంచిరి. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో చెన్నపురి రాజధాని మత్స్యశాఖవారు ఈ సుంకేసులయొద్దనే చేపల పెంపకక్షేత్రము నెలకొల్పిరి. వానలకు మొగము వాచిన సీమలో చేపల పెంపకమేమని నవ్వువారుందురు. కాని నిలువనీరున్న చోటెల్ల చేపను పెంపవచ్చునన్న యోచన మన కరవునేలకు ఆనాడే వచ్చినది.

మరునాడు నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా కొత్తపల్లె మండలము చేరి సంగమేశ్వరమునకు దిగితిమి. ఈ ప్రాంతము 2022నుండి నంద్యాల జిల్లాలోనిది. గుడిచుట్టును నీరు తీసిన యొండ్రుమట్టి పెంకులు పెంకులుగా పగిలియున్నది. గర్భగుడిలోని లింగము వేపకొయ్యది. ఏటేట అన్ని నెలలు నీట నానియు అట్లే నిలిచియుండుట చూచి మాకు విస్మయము కలిగినది.

దర్శనమైన పిదప మా యత్తగారు గుడివైపుగాక నీటివైపు చూచుచు చాలసేపు నిలువబడిరి. ఆమె పుట్టినిల్లు ఆ నీటిక్రిందనే యున్నది. శ్రీశైలపు ఆనకట్టకు 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1981 ప్రాంతమున కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో నూరుకు పైగా గ్రామములవారిని లేవనెత్తి పంపిరి. జొన్నలు, కందులు పండిన నల్లరేగడి యంతయు నీటిపాలైనది. ఆమె పినతండ్రి కుమారులలో నిద్దరు కర్నూలులో కూలికి చేరిరి. ఒకరు మాత్రము ఒడ్డునే యుండి వల చేతబట్టిరి. మడక పట్టిన చేతికి వల పట్టుట యెంత సిగ్గుగా నుండెనో అతడు ఆమెతో పలుమారు చెప్పెనట.

అయినను తొలి సంవత్సరములలో ఆ వల వారి కడుపు నింపినది. క్రొత్తగా నిండిన జలాశయములలో మునిగిన చెట్టుచేమలు కుళ్లి నీటికి సారమిచ్చును. చేపలు విరివిగా పెరుగును. ఆ సారము తరిగినకొలది పంటయు తరుగును. ఇచ్చటనో, ఏటేట వరద తెచ్చు ఒండ్రు కూడ అడుగున పేరుకొన్నది. మొదట 308 టి.ఎం.సి.లు పట్టిన జలాశయము నేడు దాదాపు 215 మాత్రమే పట్టుచున్నది. చేపకు మరియొక కష్టమున్నది. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పారు వరదనీటనే గాని నిలువనీట గ్రుడ్లు పెట్టవు. 1957లో హీరాలాల్ చౌధురి అను శాస్త్రజ్ఞుడు చేప మెదడుక్రింది గ్రంథిరసము సూదిమందుగా నెక్కించి కుంటలోనే గ్రుడ్లు పెట్టించెను. నేడు ప్రభుత్వమువారు జలాశయములలో వదలు పిల్లలు ఆ పద్ధతిని పుట్టినవే.

గుడికి కొంతదూరమున గుడారములు కనబడగా అటు నడచితిమి. విశాఖ, గోదావరి తీరములనుండి బిడ్డపాపలతో వచ్చిన జాలరుల కాపురములవి. వెదురుతో నల్లి టార్పాలిన్ కప్పిన గుండ్రని పుట్టులు బోర్లించియున్నవి. ఆడువారు నేలమీద పరచిన చిరుచేపలను వెదురుపుల్లతో త్రిప్పుచుండిరి. ఆ కంపునకు మొదట కొంగు ముక్కునకు అడ్డము పెట్టుకొంటిమి. పిదప సిగ్గుపడి తీసితిమి. మేమును చేపలపులుసు తినువారమే గదా!

ఎండుచున్న రాశిలో పరిగెలతోపాటు పెద్దతల, పైకి తెరచిన నోరు గల పిల్ల యొకటి కనబడెను. చిటికెనవ్రేలంత బొచ్చెపిల్ల. విడిచిన రెండుమూడేండ్లకు శేర్లకొలది తూగవలసినది. దోమతెరవంటి సన్నకన్నుల అలివివలతో పలువురు కూడి నీటిని చుట్టి లాగినప్పుడు, పరిగెయు బొచ్చెపిల్లయు ఒక్కటిగనే యొడ్డునకు వచ్చును. ఈ వల నిషిద్ధము. పట్టుకొన్నప్పుడు అధికారులు కాల్చివేయుదురు. పెద్దకన్నుల వల వేయు స్థానికులకును వీరికిని ఆ కారణముననే తగవులు.

మా యత్తగారు ఊరకుండలేదు. “ఏం పాపా, ఈ పిల్లచేప పెద్దదైతే మీకే కదా లాబము?” అని యడిగిరి.

అవతలి యిల్లాలు తల యెత్తకయే, “పెద్దదయ్యేదాకా మేముండొద్దేటమ్మా? వలకీ బియ్యానికీ సావుకారు ముందే డబ్బిచ్చినాడు. ఎండుసేప ఎత్తుకెళ్లి సెల్లు పెట్టుకుంటాడు. పెద్దసేపకి ఐసు కావాల, బండి కావాల. ఎండుసేపకి ఎండుంటే సాలు” అనెను.

ఆ మాటకు మాయొద్ద జవాబు లేకపోయినది. వల నమ్మినవానిని వదలి వల లాగినవానిని పట్టుకొన్నచో వలలు తగ్గునని మేము నమ్మజాలము. ఆమె కూతురికి ఎనిమిదేండ్లుండవచ్చును. బడి యేమాయెనని యడుగగా, నీరు దిగిన కొలది గుడారము దిగునని, నీరెక్కిన కొలది ఎక్కునని చెప్పినది. బడి మాత్రము ఒక్కచోటనే యుండును.

ఆ నీటిపై హక్కు చేపకును లేదు, జాలరికిని లేదు. 885 అడుగులవరకు నిండిన నీరు ఒకవంక విద్యుత్తుకును, ఒకవంక పోతిరెడ్డిపాడు తూములగుండ కడప బ్రహ్మంసాగరమునకును, చెన్నపట్టణపు కుళాయిలకును పోవును. నిండుగా నున్నపుడు చేప లోతున చెదరి వలకు చిక్కదు; మునిగిన గోడలకును మోళ్లకును తగిలి వల చినుగును. తగ్గినపుడు గుంటలలో చేరిన చేపను ఒక్కవారమున ఊడ్చివేయుదురు. ఇప్పుడు నోట పిల్లలను సాకు జిలేబిచేప ఒక్కటే యేనీటనైన వృద్ధిపొందుచున్నది. 1952లో మనదేశమునకు వచ్చిన యీ పరాయిజాతికి సంతలో ధర మాత్రము తక్కువ.

ప్రొద్దు వ్రాలుచుండగా లైసెన్సు గల స్థానికుని పుట్టి యొకటి ఒడ్డు చేరెను. నాల్గు శీలావతులు, ఒక వాలుగ. మా యత్తగారు పెద్ద శీలావతిని బేరమాడక కొనిరి. ఆమె బేరమాడకుండుట మేమెన్నడును చూచియుండలేదు. ఎక్కడ పడినదని యామె యడుగగా అతడు తెడ్డుతో ఉత్తరముగా చూపెను. ఆమె మరి మాటలాడలేదు. చేపను తడిగోనెలో చుట్టి ఒడిలో పెట్టుకొని కారెక్కిరి. రాత్రి కర్నూలులో చింతపులుసు పోసి తామే వండిరి. సంకటితో అందరికిని వడ్డించిరి.