గడపలు కోయించిన బాలుడు



మా పెద్దబ్బాయి చైనాలో వైద్యవిద్య చదువుచున్న దినములలో, 2019 మే నెలలో, మేమిద్దరము వాణ్ణి చూడ వెళ్లాము. టికెట్లు మా బావమరిది కొనిపెట్టాడు. లేనియెడల మా బోటివారికి సాధ్యమయ్యే పని కాదు. బీజింగులో వాడు మమ్మును మొట్టమొదట తీసికొని వెళ్లింది చక్రవర్తుల రాజగృహమునకు. పూర్వము సామాన్యులు అందులో అడుగుపెట్టకూడదు గనుక దానికి నిషిద్ధ నగరమని పేరు.

1406లో మొదలుపెట్టి 1420 నాటికి కట్టి ముగించారు. 72 హెక్టార్లు, అనగా మన లెక్కలో సుమారు 178 ఎకరాలు. చుట్టూ 10 మీటర్ల ఎత్తు గోడ, దాని వెలుపల 52 మీటర్ల వెడల్పు కందకము. 24 మంది చక్రవర్తులు అక్కడనుండి ఏలారు. ముందటి మూడు గొప్ప మందిరముల ఆవరణలో ఒక్క చెట్టైనా లేదు. మా ఇంటావిడ ఎండకు కొంగు తలమీద కప్పుకొని, "ఇంత చోటుంచుకొని ఒక వేపమొక్కయినా నాటుకోలేదేమండీ?" అన్నది.

సింహాసనమున్న మందిరములోనికి ఎవరినీ పోనివ్వరు, గుమ్మము వెలుపలనుండి తొంగి చూడవలసినదే. అక్కడే మా అబ్బాయి చివరి చక్రవర్తి పూయీ సంగతి చెప్పాడు. 1908లో సింహాసనమెక్కించునప్పటికి ఆ బాలునికి మూడేండ్లు నిండలేదు. ఇంటికి పోదామని ఒకటే ఏడుపట. వెంట రానిచ్చింది పాలిచ్చిన దాదిని మాత్రమే. కన్నతల్లిని మరల చూచుటకు ఏండ్లు పట్టినవి. చూచినప్పుడు ఆమె పరాయి మనిషివలె తోచిందట. ఎదిగిన తరువాత సైకిలు నేర్చుకొని, అడ్డమొచ్చిన గడపలను కోయించివేశాడు. మన ఊళ్లలో గడపమీద కూర్చుంటేనే పెద్దలు కేకలేస్తారు! 1912లో రాజ్యము పోయింది, 1924లో ఆ ఇల్లూ పోయింది. మరుసటి సంవత్సరమే అది ప్రజలు చూచే మ్యూజియమైంది.

మా అబ్బాయి ఇంతమట్టుకు చెప్పి ఊరుకున్నాడు. మాకు మాత్రము కాళ్లు కదలలేదు.

వాణ్ణి ఆరవ యేట పట్టణములో హాస్టలులో చేర్చాము. మేము సేవచేయుచున్న పల్లెలోని బడి చాలదనుకొన్నాము. వాడు గేటు పట్టుకొని ఏడ్చుచుండగా, వెనుదిరిగి చూడవద్దని అక్కడివారు చెప్పారు. మేము చూడలేదు. మొదటి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వాడు వాళ్లమ్మను "మేడమ్" అని పిలిచాడు. మేము నవ్వుకొన్నాము. తమాషాగా నలుగురికీ చెప్పాము కూడ.

ఉత్తర ద్వారమునొద్దనున్న తోటలో ముసలి చెట్ల నీడను కూర్చున్నప్పుడు ఆమె అడిగింది: "ఆ గేటు దగ్గర ఏడ్చింది గుర్తుందా నాన్నా?"

వాడు కొంతసేపు నీళ్ల సీసా మూత తిప్పుచు ఉండిపోయాడు. "గుర్తుందమ్మా. మీరు వెళ్లాక చీకటి పడేవరకు అక్కడే ఉన్నాను. ఎందుకు పంపారని నేనడగను. తమ్ముణ్ణి మాత్రం పంపకండి."

చిన్నవానికి అప్పుడు పదేండ్లు. వానికి హాస్టలు ఫీజు కట్టియే మేము విమానమెక్కాము. ఆ మాట పెద్దవానికి చెప్పలేదు.

తిరిగి వచ్చి అడిగితే కట్టినదానిలో సగమే ఇచ్చారు. చిన్నవాడు మా ఊరి హైస్కూలులోనే, సైకిలుమీద పోయి వచ్చుచు, పదవ తరగతి ముగించాడు.