చాక్లెట్ ఊళ్లో ఇంజిన్ వేట

హెర్షీ అంటే మనకు చాక్లెట్టే. పెన్సిల్వేనియాలోని ఆ ఊళ్లో వీధి దీపాలు కూడా కిసెస్ చాక్లెట్ ఆకారంలోనే ఉంటాయి. కానీ అక్టోబర్‌లో వెళ్తే ముక్కుకి తగిలేది గ్రీజు వాసన! 1955 నుంచి అక్కడ పాత కార్ల మేళా జరుగుతోంది. ఎటు చూసినా తుప్పు పట్టిన సామానే.

నాతో పనిచేసే ఓ ఫ్రెండ్ కోసం వెళ్లాను. వాళ్ల నాన్న వాడిన 1967 కార్వెట్ ఇప్పుడు అతని చేతికొచ్చింది. బాడీ అదే. ఇంజిన్ మాత్రం ఎప్పుడో మారిపోయింది. జేబులో చీటీ, దాని మీద కారు ఛాసిస్ నంబర్.

ఇక్కడ ముందు ధర అడగరు. వంగి, ఫోన్ టార్చి వేసి బ్లాక్‌ని చదువుతారు. షెవర్లే స్మాల్ బ్లాక్‌కి వెనకాల, గేర్‌బాక్స్ వైపు అంచు మీద పోత నంబర్, తేదీ ఉబ్బెత్తుగా ఉంటాయి. ‘సి 14 7’ అంటే మార్చి 14. ఏ జనవరి, బి ఫిబ్రవరి... అలా లెక్క. మరి ఆ 7 అంటే 57నా, 67నా, 77నా? అది పోత నంబర్‌ని బట్టి తేల్చుకోవాలి.

అసలు గుట్టు ముందుంది. కుడి సిలిండర్ హెడ్ ముందు చిన్న పట్టీ, దాని మీద గుద్దిన అక్షరాలు. ‘వి0321హెచ్‌ఈ’ అనుకోండి. వి అంటే ఫ్లింట్ ప్లాంట్, మార్చి 21న ఇంజిన్ బిగించారు, హెచ్‌ఈ అంటే 327 క్యూబిక్ అంగుళాల 300 హార్స్‌పవర్ రకం. పక్కనే కారు నంబర్ చివరి ఆరంకెలు. అవి కలిస్తే పండగే!

ఓ చోట తేదీలన్నీ సరిపోయే బ్లాక్ దొరికింది. పట్టీ మాత్రం ఖాళీ. రిపేర్‌లో పైభాగం చెక్కితే నంబర్లు పోవడం మామూలే. అమ్మేవాడు గొంతు తగ్గించి, “నీ నంబర్ చెప్పు, కొట్టించి ఇస్తా” అన్నాడు.

ఫ్రెండ్ చీటీ తీసి కాసేపు చూశాడు. ఫ్యాక్టరీ మెషిన్ ఆ పట్టీ మీద సన్నటి నిలువు గీతలు వదులుతుంది, తెలిసినవాళ్లు భూతద్దం పెట్టి వాటినే వెతుకుతారు. కానీ అతని బాధ అది కాదు. “నాన్న దీన్ని నడపలేదు కదా” అన్నాడు.

చీటీ మడిచేసి, ఖాళీ పట్టీతోనే బ్లాక్ కొన్నాడు. దాన్ని వ్యాన్‌లోకి ఎక్కించేసరికి నా నడుం పట్టేసింది. మీరు వెళ్తే చిన్న అద్దం పట్టుకెళ్లండి, కారులో ఉన్న ఇంజిన్ వెనక అంచు అది లేకుండా కనపడదు. పట్టీని గుడ్డతో తుడవండి చాలు. ఎమరీ పేపర్ పెట్టారో, ఆ గీతలు కూడా పోతాయి.