బెళుగుప్పలో పద్యం తగువు

అనంతపురం వైపు వెళ్తున్నాం, ఏం చూడాలి అని అడిగితే లేపాక్షి, పెనుకొండ, తాడిపత్రి గుళ్లు, గుత్తి కోట అని గబగబా చెప్పేస్తారు. బెళుగుప్ప పేరు ఎవరూ చెప్పరు. అక్కడ కోట చూసి రావడానికి ఎవరూ వెళ్లరు మరి. కానీ పాట మీద ప్రేమ ఉన్నవాళ్లయితే ఒక పూట ఆ ఊళ్లో టీ తాగి రండి. చూడ్డానికి కాదు, వినడానికి.

ఉరవకొండకూ కళ్యాణదుర్గానికీ నడుమ ఉంటుందీ మండల కేంద్రం. దారి పొడవునా ఎర్ర నేలలు, అక్కడక్కడా నల్లరేగడి, దూరంగా గుట్టలు, గాలిమరలు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ ఇది. అది కూడా రావలసిన నెలలో వస్తుందన్న నమ్మకం లేదు. గాలికి మాత్రం కొదవ లేదు. మండలంలోనే జీడిపల్లి రిజర్వాయరు ఉంది. శ్రీశైలం నీళ్లను మెట్టుమెట్టుగా ఎత్తిపోసుకుంటూ తెచ్చే హంద్రీ-నీవా మొదటి దశ అక్కడే ముగుస్తుంది. 2012లో అక్కడికి కృష్ణ నీళ్లు చేరాయి. అంతవరకూ ఇక్కడివాళ్లకు కృష్ణుడంటే నాటకంలో కృష్ణుడే.

ఈసారి నాతో మా అన్నకొడుకు వచ్చాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జాజ్ సంగీతం పిచ్చి. ఇంట్లో గోడంతా ఎల్పీ రికార్డులే. ఏ రికార్డు ఏ సంవత్సరంలో వచ్చింది, ఎవరు ఏ వాయిద్యం వాయించారు, ఏ విమర్శకుడు ఏమని తిట్టాడు, అన్నీ నోటికి చెప్తాడు. వాడి మాటల్లో సగం నాకు అర్థం కావు. బెళుగుప్ప హోటల్లో మాత్రం వాడికి తగిన జోడీలు దొరికారు.

మేం వెళ్లేసరికి బెంచీ మీద ఇద్దరు పెద్దవాళ్లు తగువులో ఉన్నారు. ఒకాయన రిటైరయిన అయ్యవారు. ఇంకొకాయన రైతు. వయసులో ఉన్నప్పుడు దుర్యోధనుడి వేషం కట్టినవాడట, ఆ గొంతు ఇంకా అట్లాగే ఉంది. మధ్యలో ఒక ఫోను. అందులో ‘శ్రీకృష్ణ రాయబారం’ పద్యం.

‘‘పీసపాటి వారి పద్యం ఇను. మాట మాటా చెవిలో పడతాది. రాయబారానికి వచ్చినోడు ఏం చెప్తాండాడో సభకు తెలియాల కదప్పా!’’ అన్నారు అయ్యవారు.

‘‘మాట తెలిస్తే సాలా? షణ్ముఖి వారు రాగం తీస్తే ఒళ్లు జలదరిస్తాది. మాట కావాలంటే పుస్తకం సదువుకుంటే పాయె!’’ అన్నాడు దుర్యోధనుడు.

మావాడు టీ గ్లాసు పక్కన పెట్టి నా చెవిలో, ‘‘చిన్నాన్నా, మేమూ అచ్చం ఇట్లాగే కొట్లాడుకుంటాం’’ అన్నాడు.

ఈ తగువు వయసు నూరేళ్లకు పైమాటే. పుట్టిందీ ఇక్కడికి దగ్గరలోనే, బళ్లారిలో. 1882లో విడదీసేదాకా అనంతపురం కూడా బళ్లారి జిల్లాలో భాగమే. ఆ బళ్లారిలో వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1886లో సరసవినోదినీ సభ పెట్టి తెలుగు నాటకాలు ఆడించారు. ఆంధ్ర నాటక పితామహుడని ఆయనకు పేరు. నాటకంలోకి పాటను, రాగంతో పాడే పద్యాన్ని తెచ్చి నిలబెట్టినవాళ్లలో ఆయన ముందువరసలో ఉంటారు. ఆయన మేనల్లుడే బళ్లారి రాఘవ. 1880లో తాడిపత్రిలో పుట్టి, బళ్లారిలో వకీలుగా పేరు తెచ్చుకుని, దేశమంతా మెచ్చిన నటుడయ్యారు. రాఘవగారు పట్టింది మాత్రం వేరే దారి. రాగాల సాగదీత తగ్గాలి, మాట, నటన ముందుకు రావాలన్నది ఆయన పద్ధతి. మేనమామ పాటను తెచ్చాడు, మేనల్లుడు దానికి కళ్లెం వేశాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరు వైపు పోయింది. తగువు మాత్రం సరిహద్దుకు ఇవతల ఉన్న ఊళ్లలోనే ఉండిపోయింది.

పద్యనాటకం చూడనివాళ్ల కోసం రెండు మాటలు. స్టేజీ మీద పద్యం మామూలుగా తాళానికి కట్టుబడదు. తబలా ఊరుకుంటుంది, హార్మోనియం ఒక్కటే తోడుంటుంది. రాసిన కవి ఇచ్చింది ఛందస్సు, మాటలు మాత్రమే. రాగం ఏది, ఎక్కడ ఆగాలి, ఏ మాటను రెండుసార్లు అనాలి, చివర ఆలాపన ఎంతసేపు తీయాలి, ఇదంతా పాడేవాడి ఇష్టం. ఆ రాత్రి జనం ఊపును బట్టి మారిపోతుంది కూడా. ‘వన్స్ మోర్’ అని అరిస్తే మళ్లీ పాడాలి, మళ్లీ పాడినప్పుడు కొత్తగా ఏదో ఒకటి చూపించాలి. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల పద్యాలు ఒకటే. కానీ బందా కనకలింగేశ్వరరావు కృష్ణుడు వేరు, పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడు వేరు, షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడు వేరు. ‘హరిశ్చంద్ర’ కూడా అంతే. అది బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన నాటకం. కాటిసీనులో జాషువా పద్యాలు వచ్చి కలిశాయి, వాటిని డి.వి. సుబ్బారావు పాడితే ఒక తీరు, ఇంకొకరు పాడితే ఇంకో తీరు. ఈ తేడా పట్టుకునే చెవి ఉన్నవాడే ఈ ఊళ్లో రసికుడు.

మావాడు ఇక ఊరుకోలేకపోయాడు. అమెరికాలో జాన్ కోల్ట్రేన్ అనే శాక్సాఫోన్ విద్వాంసుడు ఉండేవాడని మొదలుపెట్టాడు. 1959లో వచ్చిన ‘ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ అనే రంగస్థల నాటకంలోంచి ‘మై ఫేవరిట్ థింగ్స్’ అనే చిన్న పాట తీసుకున్నాడట. 1961లో విడుదలైన రికార్డులో దాన్ని దాదాపు 14 నిమిషాలు వాయించాడట. అంతటితో ఆగలేదు, కచేరీ కచేరీకీ పెంచుకుంటూ పోయి, 1966లో జపాన్‌లో అదే పాటను గంటకు దగ్గరగా తీసుకుపోయాడట.

‘‘గంటనా? జనం లేచి పోలేదా?’’ అన్నారు అయ్యవారు.

‘‘మన షణ్ముఖి వారి మాదిరోడే అన్న మాట!’’ అని దుర్యోధనుడు తొడ చరుచుకున్నాడు.

వాళ్లకు ఇంకో సంగతి కూడా చెప్పాడు. మన పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ 1983లో, పద్నాలుగేళ్ల వయసులో, బెర్లిన్ జాజ్ పండుగలో కర్ణాటక సంగీతం వాయించాడని. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో కలిసి ‘రిమెంబర్ శక్తి’ బృందంలో దేశాలన్నీ తిరిగాడని. అయ్యవారు ఒకటే ప్రశ్న వేశారు: ‘‘ఆడ వన్స్ మోర్ అన్నారా?’’

మాటల్లో రికార్డుల సంగతి వచ్చింది. పాత 78 ఆర్పీఎం గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు పట్టేది సుమారు మూడు నిమిషాలు. స్టేజీ మీద పది నిమిషాలు సాగే పద్యాన్ని అందులోకి కుదించాల్సి వచ్చేది. ఆలాపన కోత పడేది. జాజ్‌లోనూ ఇదే బాధ అన్నాడు మావాడు. 1948లో ఎల్పీ వచ్చాకే వాళ్లకు కాళ్లు చాపుకునే చోటు దొరికిందట. మన పల్లెలకు ఆ చోటు క్యాసెట్లతో వచ్చింది. నాటకమంతా ఇంట్లో కూర్చుని వినే రోజులు వచ్చాయి. ఇప్పుడు ఫోను. అందరి పద్యాలూ జేబులోనే ఉన్నాయి.

మరి ఇంకేం కావాలి? అసలు తగువు అక్కడే ఉందని అప్పుడు తెలిసింది. పొద్దున్నుంచీ వాళ్లు పోట్లాడుతున్నది పీసపాటి, షణ్ముఖి వారల గురించి కాదు. ఊళ్లో ఉగాదికి నాటకం వేయాలనుకుంటున్నారు, చానా ఏళ్ల తర్వాత. కృష్ణుడి వేషానికి ఒక కుర్రాడు దొరికాడు. డిగ్రీ చదివి ఊళ్లోనే ఉన్నాడు, గొంతు బాగుంది. వాడు ఫోనులో విని పద్యాలన్నీ నేర్చేసుకున్నాడు. ఎంత బాగా నేర్చుకున్నాడంటే, రికార్డులో ఆయన ఊపిరి పీల్చిన చోట వీడూ పీలుస్తాడు.

‘‘ఆయప్ప దగ్గింటే ఈడూ దగ్గుతాడు!’’ అన్నారు అయ్యవారు. ‘‘అది పాడేది అంటారా?’’

‘‘దొరికినోడే ఒగడు. వాణ్నీ బెదరగొట్టు నువ్వు’’ అని దుర్యోధనుడి కోపం.

ఆ కోపం వెనుక ఉన్న సంగతి ఆయనే చెప్పాడు. నాటకమంటే ఊరికే కాదు. మేస్టారును పిలిపించి రెండు మూడు నెలలు సాధకం చేయాలి. సీన్లు, లైట్లు, డ్రెస్సులు బాడుగకు తేవాలి. ఆడవేషాలకు పట్నం నుంచి ఆర్టిస్టులను పిలవాలి. అదంతా చందాల మీద నడవాలి. చందాలు వేరుశనగ కాయల మీద నడవాలి. ‘‘పంట పోయిన యేడు సందా అడగడానికి నోరు రాదు సార్. ఒగ యేడు పాయె, రెండేండ్లు పాయె. మా కర్ణుడు బెంగళూరికి బేల్దారి పనికి పాయె. అర్జునుడూ అట్లే. రాయబారానికి వచ్చినా మాట్లాడేదానికి ఎవురుండారు? నేనొక్కన్నే!’’ నవ్వుతూనే అన్నాడు. మేం నవ్వలేకపోయాం.

కరువు పంటనే కాదు, సాధకాన్నీ తినేసిందన్న మాట. వేషగాళ్లు పోతే వినేవాళ్లు మిగులుతారు. వినేవాళ్లూ పెద్దవాళ్లయిపోతే, పద్యం ఫోనులో భద్రంగా ఉంటుంది గానీ, ఆ చోట ఎందుకు ఆగాడు, ఈ మాటను ఎందుకు ఒత్తాడు అని అడిగేవాడు ఉండడు. రికార్డుకు ఎదురు చెప్పేవాడు లేకపోతే అదే శాసనమై కూర్చుంటుంది.

మావాడు కుర్రాడి పక్షం వహించాడు. చార్లీ పార్కర్ అనే మహా జాజ్ విద్వాంసుడు 1937 వేసవిలో, ఇంకా పదిహేడు నిండకముందే, లెస్టర్ యంగ్ రికార్డులు పట్టుకుని ఒక కొండ ప్రాంతానికి పోయి, ఆయన వాయించినదంతా అచ్చుగుద్దినట్టు నేర్చుకున్నాడని చెప్పాడు.

‘‘సరే నాయనా, నేర్చుకునె. ఆ మీదట?’’ అన్నారు అయ్యవారు.

‘‘ఆ మీదట తన దారి తాను పట్టాడు తాతా. ఆయన వాయిస్తే లెస్టర్ యంగ్ అని ఎవరూ అనరు.’’

‘‘నేనూ అదే కదప్పా చెప్తాండేది!’’

ఆ సాయంత్రం రామాలయం దగ్గర సాధకానికి మమ్మల్నీ పిలిచారు. పక్క ఊరి నుంచి మేస్టారు వచ్చారు. కుర్రాడు మొదటి పద్యం ఎత్తుకున్నాడు. రికార్డులో ఉన్నట్టే ఐదున్నర శ్రుతి. పైస్థాయికి పోయేసరికి మెడ నరాలు బిగుసుకున్నాయి, మాట నలిగిపోయింది. మేస్టారు ఏమీ అనలేదు. హార్మోనియం మీద వేళ్లు కిందికి జరిపి నాలుగు శ్రుతి పట్టుకున్నారు. ‘‘నీ గొంతు ఈడుంది నాయనా. ఈడ నుంచి పో’’ అన్నారు.

రెండోసారి పాడినప్పుడు పద్యం వేరుగా వచ్చింది. రికార్డులోని మెరుపు లేదు, నిజమే. కానీ మాట స్పష్టంగా వినబడింది. చివర రాగం తీయాల్సిన చోట వాడికి దారి తోచక ఒక్క క్షణం ఆగాడు. మేస్టారు హార్మోనియం మీద ఒక సంగతి అందించారు. దాన్ని పట్టుకుని వాడు ఎటో పోయి, తిరిగి శ్రుతిలోకి వచ్చి పడ్డాడు. రికార్డులో లేని దారి అది.

దుర్యోధనుడు ‘‘వన్స్ మోర్’’ అన్నాడు. అయ్యవారు ఏమీ అనలేదు గానీ, ‘‘ఆగినాడు చూడు, ఆ జాగా వదలద్దని చెప్పు’’ అని మేస్టారుకు సైగ చేశారు. విమర్శ అంటే అదేనేమో అనిపించింది. పత్రికలో అచ్చు కాదు, నక్షత్రాల మార్కులుండవు. మర్నాడు పద్యంలో కనబడుతుంది.

మీరూ వెళ్లాలనుకుంటే శివరాత్రి నుంచి శ్రీరామనవమి దాకా మంచి కాలం. ఆ రోజుల్లో ఈ సీమలో ఏదో ఒక ఊళ్లో ‘కురుక్షేత్రం’, ‘హరిశ్చంద్ర’ తెల్లవార్లూ ఆడుతుంటారు. అనంతపురం నుంచి ఉరవకొండ మీదుగా పోవచ్చు, కళ్యాణదుర్గం మీదుగానూ పోవచ్చు. ఎండ ఎక్కువ, నీళ్ల సీసా మరవకండి. రాత్రి చలి గాలి ఉంటుంది, ఒక దుప్పటి పట్టుకెళ్లండి. నాటకం చూశాక లేచి వచ్చేయకండి. పొద్దున హోటల్ దగ్గర కూర్చోండి. రాత్రి కృష్ణుడు ఎట్లా పాడాడని ఎవరినైనా అడగండి చాలు. రెండో టీ డబ్బులు మిమ్మల్ని ఇవ్వనివ్వరు.