నీటి వంతెన నీడలో

మదరసాకు వార్షిక సెలవులు ఇచ్చే షాబాను మాసంలో, తుర్కియేలోని బుర్సా నగరంలో కాపురముంటున్న మా కుమార్తె ఇంటికి వెళ్ళాము. ఒకనాడు అల్లుడుగారికి సెలవు దొరికింది. ఫజర్ నమాజు ముగించుకొని అందరమూ బయలుదేరి, ఓడలో మర్మరా సముద్రం దాటి ఇస్తాంబుల్ చేరుకున్నాము. సాయంత్రానికి తిరిగి రావలసిన ప్రయాణం గనుక రెండే చూడాలనుకున్నాము: సులేమానియా మసీదు, దానికి కొంత దూరంలో ఉన్న రోమన్ల కాలపు నీటి వంతెన.

సులేమానియాలో జుహర్ నమాజు చేశాము. మసీదు ప్రక్కగోడ పొడవునా వుజూ కొళాయిలు బారులు తీరి ఉన్నాయి. చలికాలం కావడంతో వేళ్ళు కొంకర్లు పోయేటంత చల్లగా ఉంది నీరు. అక్కడి నుండి ఇరుకు వీధుల గుండా పడమరగా నడిచాము. కొంతసేపటికి ఇళ్ళ కప్పులకు పైన, ఆకాశానికి ఆనించినట్లు రాతి కమానులు కనిపించాయి.

కోనసీమలో గన్నవరం అక్విడక్టును చూసినవారికి నీటి వంతెన అంటే ఏమిటో వివరించనక్కరలేదు. అక్కడ నదీపాయ మీదుగా కాలువ సాగుతుంది. ఇక్కడ రెండు కొండల నడుమనున్న పల్లం మీదుగా కాలువను నడిపించారు. రోమన్ చక్రవర్తి వాలెన్స్ పాలనలో, క్రీ.శ. 373 నాటికి ఈ కట్టడం పూర్తయింది. మొదట 971 మీటర్ల పొడవు ఉండేదట. అందులో 900 మీటర్లకు పైగా నేటికీ నిలిచి ఉంది. మధ్యభాగంలో కమానుల మీద కమానులు, రెండు అంతస్తులుగా, సుమారు 29 మీటర్ల ఎత్తున నిలబడ్డాయి. ఆ కమానుల క్రింది నుండే నేటి రహదారి పోతోంది.

నగరానికి పడమరనున్న థ్రేస్ కొండల ఊటల నుండి 250 కిలోమీటర్లకు పైగా కాలువలు త్రవ్వి నీటిని రప్పించారు. నీటిని తోడే యంత్రం దారి పొడవునా ఒక్కటీ లేదు. నీరు పల్లమెరుగు అనే మన సామెతే వారి శాస్త్రం. వాలు తప్పకుండా కాలువను కొద్దికొద్దిగా దించుకుంటూ వచ్చారు. పల్లం అడ్డు వచ్చిన చోట కాలువ ఒక్కసారిగా దిగిపోతే, అవతలి కొండ మీదికి నీరు ఎక్కదు. అందుకే దానిని కమానుల మీదికి ఎత్తారు.

వంతెనను ఆనుకొని ఒక పాత మదరసా ఉంది. 16వ శతాబ్దం చివర గజన్‌ఫర్ ఆగా కట్టించినది. వయసంతా మదరసా గోడల నడుమ గడిపిన మాకు చూపు అటే పోయింది. ఇంతలో ఎనిమిదేళ్ళ మనుమరాలు మా చేయి లాగింది.

“నానా, దీన్ని మనవాళ్ళు కట్టారా?”

“లేదు తల్లీ, రోమన్లు కట్టారు. మన ప్రవక్త (స) పుట్టుకకు దాదాపు రెండు వందల ఏళ్ళ మునుపు.”

“మరి మనవాళ్ళు వచ్చాక దీన్ని ఏం చేశారు?”

“బాగుచేశారమ్మా. 1453లో ఈ నగరాన్ని జయించిన సుల్తాన్ మహమ్మద్ ఫాతిహ్ నీటి కాలువలను మరమ్మతు చేయించాడు. తరువాతి సుల్తానులు కూడా కూలిన కమానులను తిరిగి నిలబెట్టించారు.”

“ఆ నీళ్ళు ఎవరు త్రాగేవారు?”

“అందరూ. ముస్లిములు, క్రైస్తవులు, యూదులు. ఊళ్ళో ఉన్నవాళ్ళందరూ.”

ఆ ‘అందరూ’ అన్న మాట మా గొంతులోనే చిక్కుకున్నట్లయింది. మా పట్టణంలోని మదరసా ప్రహరీ గోడ కళ్ళముందు నిలిచింది.

రాయలసీమలోని ఆ గోడకు వీధివైపున ఒక కొళాయి ఉండేది. మా బోరు నీరు అందులోకి వచ్చేది. చుట్టుప్రక్కల ఇళ్ళవారు, ఏ మతంవారైనా, బిందెలతో పట్టుకొనిపోయేవారు. మూడేళ్ళ క్రిందటి వేసవిలో బోరు సన్నగిల్లింది. పిల్లల వుజూకు, వంటకు నీరు చాలదని కమిటీవారు ఆ కొళాయిని మూయించారు. మా అభిప్రాయం అడిగినప్పుడు మేము తలవంచుకొని ఊరుకున్నాము.

మరునాడు ఎదురు సందులోని ఒక ముసలమ్మ ఖాళీ బిందెతో వచ్చింది. “సాయిబుగారూ, ఒక్క బిందె చాలు” అంది. “కమిటీ నిర్ణయమమ్మా” అన్నాము. ఆమె మరో మాట అనకుండా వెనుదిరిగింది. మిగులు నీరు ఉండి కూడా బాటసారికి ఇవ్వనివాడిని ప్రళయదినాన అల్లాహ్ కన్నెత్తి చూడడని తెలిపే హదీసును ఏటా బోధించేవారం మేమే. మా వద్ద మిగులు లేదని మనసుకు సర్దిచెప్పుకున్నాము. కాని ఆ రోజులలోనే మా వుజూఖానాలో పిల్లలు కొళాయిలు తెరిచి ఉంచి కబుర్లాడుకొనేవారు. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు.

తిరుగు ఓడలో ఆ సంగతి మా ఇంటావిడతో చెప్పాము. ఆమె చాలాసేపు సముద్రం వైపు చూసి, “ఊరికి పోయాక మాట్లాడండి” అన్నది. అంతే.

షవ్వాలులో మదరసా తెరవగానే కమిటీ సమావేశంలో మేమే మాట్లాడాము. దైవప్రవక్త (స) సుమారు ఒక లీటరుకు మించని నీటితో వుజూ చేసేవారని వారికి తెలియనిది కాదు. పిల్లలకు ముంతలు ఇచ్చి వుజూ చేయించాలని, ఆదా అయిన నీటిని వీధి కొళాయికి వదలాలని అడిగాము. ఒకరిద్దరు సందేహించినా చివరకు ఒప్పుకున్నారు. ఇప్పుడు ఉదయం గంటసేపు, సాయంత్రం గంటసేపు నీరు వస్తోంది.

ఆ ముసలమ్మ కోసం ఎదురు సందుకు వెళ్ళాము. ఇల్లు తాళం వేసి ఉంది. కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందన్నారు. ఏ ఊరో ఎవరూ చెప్పలేకపోయారు. దాసుల హక్కులను అల్లాహ్ ఆ దాసులకే వదిలివేశాడని విద్యార్థులకు చెబుతూ ఉంటాము. ఆమె క్షమించనిదే ఆ ఒక్క బిందె మా ఖాతాలో నుండి పోదు.

చదువుతున్న సోదర సోదరీమణులారా! మీ ఇంటి గోడకు, మీ మసీదు గోడకు వీధివైపున ఒక కొళాయి ఉన్నదేమో చూడండి. మూసి ఉంటే, బిందెతో వచ్చే మనిషి ఆ సందు విడిచి వెళ్ళకముందే తెరవండి. అల్లాహ్ మనందరికీ ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.