రెండు లీటర్ల లెక్క

హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే రహదారి మీద సుమారు 50 కిలోమీటర్లు ప్రయాణించి, చౌటుప్పల్ వద్ద దక్షిణానికి మళ్ళితే దారి నారాయణపురం, మర్రిగూడల వైపు సాగుతుంది. బండలను ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే గుట్టలు, తాటిచెట్లు, ఎర్రని చెలకలు, నడుమ నడుమ పచ్చని బత్తాయి తోటలు. బాటసారి భయపడవలసినదేదీ ఇక్కడ కానరాదు. బోరు నుంచి వచ్చే నీరు సైతం తేటగానే ఉంటుంది.

కాని ఆ గుట్టల రాతిలోనే ఉన్నది కథంతా. నల్లగొండ సీమ గ్రానైటు నేల. ఆ శిలలలోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరైడు ఇమిడి ఉంటుంది. కాల్షియం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉన్న భూగర్భజలం రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచి ఆ ఫ్లోరైడును కరిగించుకుంటుంది. పసితనంలో ఆ నీరు తాగిన వారి పళ్ళకు గార మచ్చలు ఏర్పడతాయి. దీర్ఘకాలం తాగితే వెన్ను బిగుసుకుంటుంది, కీళ్ళు కదలవు. 1955లోనే సిద్దిఖీ అనే వైద్యుడు ఈ జిల్లా రోగులను గురించి బ్రిటిష్ వైద్య పత్రికలో వ్రాశాడు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి ఇక్కడి పిల్లలలో మోకాళ్ళు లోపలికి వంగిపోయే వికృతిని లోకానికి తెలియజేశారు.

పర్యావరణ శాస్త్రంలో ఎం.ఎస్సీ. చదివే విద్యార్థులకు, పరిశోధకులకు ఈ పల్లెలు ఒక బహిరంగ పాఠశాల. ఫ్లోరైడు గాజుతో కలియబడుతుంది కనుక వారు ప్లాస్టిక్ సీసాలలో నీరు పట్టుకొని పోతారు. ప్రయోగశాలలో ఆ నీటికి ఒక ఎర్రని ద్రావకం కలుపుతారు. ఫ్లోరైడు ఎంత ఎక్కువైతే ఆ ఎరుపు అంతగా వెలిసిపోతుంది.

అక్కడికి రసాయనశాస్త్రం ముగుస్తుంది. అపాయాన్ని అంచనా కట్టడం మొదలవుతుంది. సూత్రం చిన్నదే. లీటరులో ఎన్ని మిల్లీగ్రాములున్నవో, రోజుకు ఎన్ని లీటర్లు తాగుతారో గుణించి, మనిషి బరువుతో భాగించాలి. వచ్చిన అంకెను అమెరికా పర్యావరణ సంస్థ ఎంతోకాలంగా వాడిన పరిమితితో, అనగా కిలో బరువుకు రోజుకు 0.06 మిల్లీగ్రాములతో, పోల్చాలి. పాఠ్యపుస్తకం పెద్దవాడికి రెండు లీటర్ల నీరు చాలునంటుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీరు 60 కిలోల మనిషి రెండు లీటర్లు తాగితే 0.1 వస్తుంది, పరిమితికి ఇంచుమించు ఒకటిన్నర రెట్లు దాటినట్లు. కాని మే నెల ఎండలో చెలక దున్నే మనిషికి రెండు లీటర్లు ఏ మూలకు? నాలుగు లీటర్లని వేస్తే అపాయం మూడు రెట్లు దాటుతుంది. ఇంకొక వింత: భారత ప్రమాణం వేరే దారి లేనప్పుడు అనుమతించే గరిష్ఠ మితి 1.5 మిల్లీగ్రాములు. ఆ నీటినే నాలుగు లీటర్లు తాగినా ఫలితం 0.1. నీరు ప్రమాణానికి లోబడినదే, మనిషి మాత్రం లోబడడు! అదే నీటితో వండిన జొన్న సంకటి, పప్పు, కాచిన టీ ఈ లెక్కలో ఇంకా చేరనే లేదు. పైగా ఆ 0.06 అనే అంకె పిల్లల పళ్ళ మచ్చలను చూసి నిర్ణయించినది. ఎముకలు వంగిన ఊళ్ళలో దానితో కొలవవలసి రావడం విచిత్రమే.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970 దశకంలో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి ఫ్లోరైడును అడుగుకు దింపే పద్ధతిని రూపొందించి, దానికి నల్లగొండ పద్ధతి అని పేరు పెట్టింది. ఈ ఊరి పేరు ప్రపంచ గ్రంథాలకెక్కింది. అయితే రోజూ పాళ్ళు తప్పకుండా కలిపి, మడ్డి తీసివేసే ఓపిక ఎన్ని ఇళ్ళలో ఉంటుంది?

నాగార్జునసాగరం ఈ జిల్లా అంచుననే ఉన్నది. కాలువ నీరు పల్లపు భూములకు పారింది. మెట్ట ప్రాంతం ఎండుతూనే ఉండిపోయింది. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ నుంచి 480 మంది పోటీకి నిలిచారు. అందులో అనేకులకు గెలుపు కాదు, నీళ్ళు కావాలి. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, పోలింగు వాయిదా పడింది, ఢిల్లీకి ఈ ఊళ్ళ సంగతి తెలిసివచ్చింది. తరువాత కృష్ణ నీటిని ఎత్తిపోసే పథకం వచ్చింది. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాను వెలసింది. క్రమంగా ఇంటింటికీ నది నీటి కుళాయి వచ్చింది.

వంగిన ఎముక ఇక నిటారు కాదు. కనుక ఈ నీటి మేలు ముఖ్యంగా పసిపిల్లలది. ఇక కుళాయి నీటిని మాత్రమే సీసాలో పట్టి లెక్క వేసే విద్యార్థికి అపాయం తొలగినట్లే కనిపిస్తుంది. మధ్యాహ్నం బత్తాయి తోటలో పనిచేసే కూలీ దాహానికి బోరు గొట్టం వద్ద దోసిలి పడితే, ఆ నీరు ఏ సీసాలోనూ ఉండదు.